మంచు లేని చోట సీజన్ పూలు: ఏ మొక్క, ఎప్పుడు, ఏ కుండీలో

విత్తనాల పాకెట్ వెనక తరచూ కనిపించే మాటలు మూడు: ఏకవార్షికం, పూర్తి ఎండ, వేసవి పూత. మూడూ అబద్ధాలు కావు. కాకపోతే అవి శీతాకాలంలో నేల గడ్డకట్టే ప్రాంతాల తోటల్లో పుట్టిన మాటలు. అక్కడ మంచి వేసవి పగలంటే 25 డిగ్రీలు, రాత్రి 15. పగలు 40 దాటి, రాత్రి 28 దగ్గర ఆగిపోయే చోట అదే పాకెట్‌ను నమ్మి వేసవి మొదట్లో పాన్సీ నాటితే కొద్ది వారాల్లోనే కథ ముగుస్తుంది. తమ హస్తవాసి మంచిది కాదని చాలామంది సరిపెట్టుకుంటారు. మొక్క బాగానే ఉంది, నీళ్లు పోసిన మనిషీ బాగానే పోశాడు. కాలమే తప్పింది.

అందుకే వెచ్చని ప్రాంతంలో మొక్కను ఎంచుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: దీన్ని చివరికి చంపేది ఏది? చలా, మధ్యాహ్నపు ఎండా, రాత్రి ఉక్కపోతా, నిలిచిన నీళ్లా? జవాబు తెలిస్తే ఎప్పుడు నాటాలో, ఎక్కడ పెట్టాలో చాలావరకు తేలిపోతుంది.

ముందు ఆ ఏకవార్షికం అన్న మాట సంగతి చూద్దాం. వృక్షశాస్త్రంలో దాని అర్థం స్పష్టం: విత్తనం మొలిచి, పూసి, మళ్లీ విత్తనం కట్టి, ఒకే సీజన్‌లో చచ్చిపోయే మొక్క. జీనియా, కాస్మాస్, పొద్దుతిరుగుడు, బంతి అలాంటివి. కానీ ఏకవార్షికాలని చెప్పి అమ్మేవాటిలో చాలా మొక్కలు అసలు బహువార్షికాలు. బిళ్ళగన్నేరు, పెటూనియా, ఇంపేషన్స్, కోలియస్, పెంటాస్, అంజెలోనియా ఈ జాబితాలోవే. మంచు పడితే చస్తాయి కాబట్టి చలి దేశాల్లో వాటిని ఏటా కొత్తగా నాటుకుంటారు, ఆ అలవాటే పేరైంది. మంచు లేని చోట బిళ్ళగన్నేరు గోడ పగుల్లోనైనా ఏళ్ల తరబడి బతికేస్తుంది. అయితే రెండో ఏడు వచ్చేసరికి కాండం కొయ్యబారి, అడుగు బోసిపోయి, కొమ్మల చివర్లలోనే నాలుగు పూలు మిగులుతాయి. బతకడం వేరు, కుండీలో చూడముచ్చటగా ఉండటం వేరు. ఏడాదికోసారి కొత్త మొక్క పెట్టుకోవడమో, సగానికి కత్తిరించి మళ్లీ చిగురించనివ్వడమో మేలు. కోలియస్, పెంటాస్ కొమ్మ ముక్క గుచ్చితే వేళ్లు పోసుకుంటాయి కాబట్టి పాతది పోయేలోపు కొత్తది సిద్ధంగా ఉంచుకోవచ్చు.

లేబుళ్ల మీద కనిపించే జోన్ నంబర్లతోనూ ఇదే చిక్కు. అమెరికా వ్యవసాయ శాఖ తయారుచేసిన ఆ పటం ఒక చోట శీతాకాలపు చలి ఎంతవరకు దిగుతుందో మాత్రమే చెబుతుంది. వేసవి గురించి అందులో ఏమీ ఉండదు. సముద్రపు గాలికి ఏడాదంతా చల్లగా ఉండే తీరమూ, వేసవిలో నిప్పులు చెరిగే మైదానమూ ఒకే జోన్‌లో పడొచ్చు. ఈ లోటు పూడ్చడానికి అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ 1997లో వేడి జోన్ల పటం తెచ్చింది. ఏడాదిలో ఎన్ని రోజులు 30 డిగ్రీలు దాటుతుందో లెక్కగట్టి 12 జోన్లు చేశారు. మొదటి దానిలో అలాంటి రోజు ఒక్కటి కూడా రావడం కష్టం, పన్నెండో దానిలో 210కి పైగా వస్తాయి. ఆలోచన మంచిదే. కానీ అది కూడా పగటి వేడినే లెక్కపెట్టింది, రాత్రిని వదిలేసింది.

పూల విషయంలో రాత్రే ముఖ్యం. ఆకు పగలు ఎండలో చక్కెర తయారుచేస్తుంది. శ్వాసక్రియలో దాన్ని పగలూ రాత్రీ ఖర్చు చేస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ ఖర్చు దాదాపు రెట్టింపవుతుందని స్థూలమైన లెక్క. రాత్రి చల్లబడితే ఎంతోకొంత మిగులుతుంది, ఆ మిగులే వేర్లుగా, మొగ్గలుగా మారుతుంది. రాత్రంతా ఉక్కగానే ఉంటే తెల్లారేసరికి సంపాదనంతా కరిగిపోతుంది. అందుకే పగలు 36 ఉన్నా రాత్రి 18కి దిగే ఎత్తైన పొడి ప్రాంతంలో పెటూనియా పూస్తూనే ఉంటుంది. పగలు 33 మాత్రమే ఉండి రాత్రి 27 దగ్గర నిలిచిపోయే తీరంలో అదే పెటూనియా సన్నగా సాగిపోయి, ఆకులు జిగటగా వేలాడేసి, పూత మానేస్తుంది. వాతావరణ సూచనలో అందరూ పగటి అంకె చూసి కంగారుపడతారు. పూలు పెంచేవాళ్లు దాని పక్కనున్న చిన్న అంకె చూడాలి.

కొన్ని మొక్కలకు ఈ లెక్కలో పుట్టుకతోనే వెసులుబాటు ఉంది. ఆకుల్లో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రూబిస్కో అనే ఎంజైమ్, వేడి పెరిగేకొద్దీ పొరపాటున ఆక్సిజన్‌ను ఎక్కువగా పట్టుకుంటుంది. ఆ పొరపాటు దిద్దుకోవడంలో మొక్క సంపాదన కొంత వృథా అవుతుంది. మొక్కజొన్న, చెరకు లాంటివి సీ4 అనే పద్ధతిలో కార్బన్ డయాక్సైడ్‌ను ముందే ఒకచోట పోగుచేసి ఆ ఎంజైమ్‌కు అందిస్తాయి కాబట్టి వాటికి ఈ వృథా చాలా తక్కువ. పూల మొక్కల్లో బొగడబంతి, పోర్టులాకా అని పిలిచే గడ్డిగులాబి ఈ కోవలోవి. పక్క మొక్కలు మధ్యాహ్నానికి సొమ్మసిల్లినా ఇవి నిటారుగా ఉండటానికి ఇదొక కారణం. మందపాటి ఆకుల్లో నీళ్లు దాచుకునే గుణం గడ్డిగులాబికి అదనం. నిప్పుల ఎండ పడే చోట మొదటిసారి కుండీ పెట్టేవాళ్లు ఈ రెంటితో మొదలుపెడితే నిరాశపడే అవకాశం తక్కువ.

మంచు లేని ప్రాంతానికి ఒక పూల సీజన్ ఉండదు, రెండుంటాయి. పాన్సీ, స్నాప్‌డ్రాగన్, స్టాక్, లార్క్‌స్పర్, స్వీట్‌పీ, నాస్టర్షియం, కాలెండ్యులా, అలిసమ్, లోబీలియా వంటివి చల్లదనాన్ని ఇష్టపడతాయి. చలి దేశాల పుస్తకాల్లో ఇవి వసంతంలో నాటాల్సిన మొక్కలు. వెచ్చని చోట వీటిని ఎండలు తగ్గుముఖం పట్టాక నాటి, చలికాలమంతా పూయించి, ఎండలు ముదిరేలోపు సెలవిచ్చేయాలి. పెటూనియాను కూడా ఉక్క ప్రాంతాల్లో ఈ గుంపులో వేయడమే వివేకం, వేసవి పువ్వని దానికి ఎంత పేరున్నా సరే. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. చల్లని కాలానికి మొక్క సిద్ధంగా ఉండాలంటే నారు ఇంకా ఎండలు ఉండగానే పోయాలి. పాన్సీ విత్తనం వేడి మట్టిలో మొలవడానికి మొరాయిస్తుంది. దానికి 18 నుంచి 20 డిగ్రీలు కావాలి, 30 దగ్గరికి వస్తే మొలక శాతం పడిపోతుంది. చల్లటి గదిలో ట్రే పెట్టుకునే వీలు లేకపోతే ఈ ఒక్క మొక్కకు మాత్రం విత్తనాల సరదా మానుకుని, నారు కొనుక్కోవడం నయం.

రెండో గుంపు వేడిలో పూసేది: జీనియా, బంతి, బిళ్ళగన్నేరు, బొగడబంతి, గడ్డిగులాబి, కోడిజుట్టు పూలు, పొద్దుతిరుగుడు, అంజెలోనియా, పెంటాస్, టిథోనియా, పసుపు నారింజ రంగుల్లో పూసే సల్ఫ్యూరియస్ కాస్మాస్. గులాబి, తెలుపు రంగుల కాస్మాస్ వేరే జాతి, అది అంత ఎండకు ఓర్చుకోదు. కాస్మాస్ రెండింటికీ బలమైన ఎరువు పడదు. మట్టి సారవంతమైతే నిలువెత్తున పెరిగి ఆకులు చూపిస్తాయి తప్ప పూలు చూపించవు.

బంతి విషయంలో వేడికి తోడు పగటి పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద పూల పొడుగు బంతిని ఆఫ్రికన్ బంతి అనీ, పొట్టి రకాన్ని ఫ్రెంచ్ బంతి అనీ పిలవడం పరిపాటి. రెండూ మెక్సికో వైపు పుట్టినవే, పేర్లకూ పుట్టుకకూ సంబంధం లేదు. ఆఫ్రికన్ బంతి పగలు కురచగా ఉన్నప్పుడు త్వరగా మొగ్గ తొడుగుతుంది. పగళ్లు పొడుగ్గా ఉన్నప్పుడు విత్తితే ముందు బాగా ఏపుగా ఎదిగి, ఆలస్యంగా పూస్తుంది. ఎంత ఎరువు వేసినా మొగ్గ రాలేదంటే కారణం క్యాలెండర్‌లో ఉండొచ్చు. ఫ్రెంచ్ బంతికి ఈ పట్టింపు దాదాపు లేదు కాబట్టి కుండీలకు అదే అనువు. అయితే రెండూ మండువేసవిలో పూత ఆపేసి విశ్రాంతి తీసుకుంటాయి. ఆ సమయంలో పీకి పారేయకుండా మూడో వంతు కత్తిరించి, నీళ్లు క్రమంగా ఇస్తే చల్లబడ్డాక మళ్లీ అందుకుంటాయి.

వేడి అంటే ఒక్కటే కాదు. పొడి వేడి వేరు, తడి వేడి వేరు. ఈ తేడా పట్టించుకోకుండా ఇచ్చే సలహాల వల్లే ఎక్కువ మొక్కలు పోతున్నాయనిపిస్తుంది. పొడి వేడిలో శత్రువులు నీటి ఎద్దడి, ఎర్రనల్లి. ఆకు కింద సన్నటి గూడు అల్లి రసం పీల్చే ఈ పురుగు బంతిని ముందుగా పట్టుకుంటుంది. తడి వేడిలో శత్రువులు శిలీంద్రాలు. పొడి ప్రాంతంలో రాజాలా వెలిగిన గజానియా వానల్లో కుళ్లిపోతుంది. తడి ప్రాంతంలో నిగనిగలాడిన టొరేనియా పొడి గాలికి రెండు రోజుల్లో వాడిపోతుంది.

బిళ్ళగన్నేరు దీనికి మంచి ఉదాహరణ. మడగాస్కర్‌లో పుట్టిన ఈ మొక్కకు ఎండంటే భయం లేదు. క్యాన్సర్ చికిత్సలో వాడే విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్ ఇచ్చింది ఇదే. ఆ పేరు చూసి ఆకులు నమలడం మాత్రం ప్రమాదం, మొక్కంతా విషమే. మండుటెండలో నవ్వుతూ నిలబడే ఈ మొక్క నాలుగు రోజుల ముసురుకు నల్లబడి కూలిపోతుంది. కారణం ఫైటోఫ్తోరా అనే తెగులు. మట్టిలో ఉండే దాని బీజాలు వాన చినుకులతో, పైనుంచి కొట్టే నీళ్లతో చిమ్మి కొమ్మల మీదికి ఎక్కుతాయి. ఒకసారి కొమ్మ మాడిపోయినట్టు వాలిపోయాక చేయగలిగేది పెద్దగా ఉండదు. ఈ తెగులును తట్టుకునేలా తయారుచేసిన కోరా అనే రకాల వరస మార్కెట్లో ఉంది. వానలు ఎక్కువ పడే చోట మామూలు బిళ్ళగన్నేరు కంటే దాన్ని వెతికి పట్టుకోవడం శ్రమకు తగినదే. ఏ రకమైనా నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయాలి, ఆకుల మీద కాదు. నాటడానికి తొందర పనికిరాదు. నేల వెచ్చబడకముందే పెడితే ఆకులు పసుపెక్కి, తర్వాత ఎండలు వచ్చినా కోలుకోవడానికి చాలా రోజులు తీసుకుంటుంది.

జీనియాకు బూడిద తెగులు అంతటి శత్రువు. ఇక్కడ మాత్రం రకం ఎంపికతోనే సగం పని అయిపోతుంది. పూలగుత్తుల కోసం పెంచే పొడుగు జీనియా ఎలిగాన్స్ ఆకుల మీద తెల్లటి పొడి చల్లినట్టు త్వరగా పట్టేస్తుంది. సన్నాకుల జీనియా ఆంగస్టిఫోలియాకు అది దాదాపు సోకదు, కానీ పూలు చిన్నవి. రెంటినీ కలిపి చేసిన ప్రొఫ్యూజన్ వరసలోని చెర్రీ, నారింజ రకాలకు 1999లో, కొత్త విత్తన రకాలను పెంచి పరీక్షించే ఆల్ అమెరికా సెలెక్షన్స్ సంస్థ బంగారు పతకం దక్కింది. అడుగు ఎత్తున గుబురుగా పెరిగి, వాడిన పూలు తుంచకపోయినా పూస్తూ పోతాయి కాబట్టి కుండీకి ఇవే. కోసి కూజాలో పెట్టుకోవాలనుకుంటే పొడుగు రకమే వేసుకుని, మొక్కకూ మొక్కకూ మధ్య అడుగు ఖాళీ వదిలి, కొన్ని వారాల తేడాతో రెండు మూడు విడతలుగా విత్తుకోవాలి. జీనియా వారంలోపే మొలుస్తుంది, రెండు నెలల్లో పూస్తుంది. తెగులు పట్టిన మొక్కకు మందు కొట్టడం కన్నా, వెనకొచ్చే విడతను నమ్ముకోవడం తేలిక.

నీడలో పూలు కావాలనేవాళ్లకు చాలాకాలం ఇంపేషన్స్ ఒక్కటే జవాబుగా ఉండేది. 2003లో బ్రిటన్‌లో, ఆ తర్వాత 2011–12లో అమెరికాలో బూజు తెగులు వచ్చి మడులకు మడులు ఆకులు రాల్చి, మోళ్లుగా నిలబెట్టింది. ఇప్పుడు బీకన్, ఇమారా అనే తట్టుకునే రకాలు వచ్చాయి. న్యూ గినీ ఇంపేషన్స్‌కు ఈ తెగులు పెద్ద బెడద కాదు. అయినా వెచ్చని నీడకు కోలియస్, టొరేనియా, బెగోనియా కూడా ఉన్నాయని గుర్తుంచుకోవాలి. కోలియస్ పూలకు విలువ లేదు. మొగ్గ వేయగానే తుంచేస్తేనే ఆకు రంగు నిలుస్తుంది.

ఇక పూర్తి ఎండ అన్న మాట. లేబుల్ భాషలో దానికి ఆరు గంటలకు తక్కువ కాకుండా నేరుగా ఎండ పడటం అని అర్థం. ఆ ఆరు గంటలు ఏవన్నది వెచ్చని చోట పెద్ద తేడా. ఉదయం పొద్దు పొడిచింది మొదలు పదకొండు దాకా పడే ఎండ వేరు, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా సిమెంటు గోడకు తగిలి తిరిగి కొట్టే ఎండ వేరు. మొదటి చోట దాదాపు అన్నీ బతుకుతాయి. రెండో చోట గడ్డిగులాబి, బొగడబంతి, బిళ్ళగన్నేరు, సల్ఫ్యూరియస్ కాస్మాస్ వంటి కొద్దిపాటి మొక్కలే మిగులుతాయి. ఎక్కువ వేడిలో రేకుల్లో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం తక్కువ తయారవుతుంది. ఎరుపు, ఊదా పూలు వేసవిలో వెలిసిపోయినట్టు ఉండటం అందుకే, విత్తనం మోసం చేసిందని అనుకోనక్కర్లేదు.

ఎంపికలో ఎవరూ పెద్దగా అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది: ఆ పూలను చూసేది ఏ వేళలో? గడ్డిగులాబి పువ్వు ఎండ పడితే విచ్చుకుని, చాలా రకాల్లో మధ్యాహ్నం దాటగానే ముడుచుకుపోతుంది. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాళ్ల బాల్కనీలో అది రోజంతా పూసినా యజమానికి కనిపించేది మొగ్గలూ, వాడిన రేకులే. అలాంటి ఇంటికి సాయంత్రం నాలుగు ప్రాంతంలో విచ్చే చంద్రకాంత, చీకట్లో కూడా తెలిసే తెల్ల బిళ్ళగన్నేరు, తెల్ల పెంటాస్ ఎక్కువ ఆనందమిస్తాయి.

కుండీ దగ్గరికి వచ్చేసరికి వేడి మరో దారిలో దాడి చేస్తుంది. నేలలో వేర్ల చుట్టూ ఉండే మట్టి మధ్యాహ్నం కూడా గాలికన్నా చల్లగా ఉంటుంది. కుండీకి ఆ అదృష్టం లేదు. నల్ల ప్లాస్టిక్ కుండీలో ఎండ తగిలే వైపు మట్టి 45 నుంచి 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. చాలా మొక్కల వేర్లు 40 దగ్గరే దెబ్బతినడం మొదలవుతుంది. ఎండకు ఓర్చే మొక్క కూడా కుండీలో చచ్చిపోవడం వెనక ఉన్న రహస్యం ఇదే: ఆకులు బాగానే ఉన్నాయి, వేర్లు ఉడికిపోయాయి. లేత రంగు కుండీ, లేదా చుట్టూ తేమ ఆవిరై చల్లబడే మట్టి కుండీ కొంత కాపాడతాయి. మట్టి కుండీకి నీళ్లు మరింత తరచుగా పోయాలి, అది దాని ఖరీదు. కుండీలన్నీ ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టి, ఎండ వైపు పనికిరాని పాత కుండీ ఒకటి అడ్డం పెట్టడం చూడటానికి అంత బాగోదు గానీ బాగా పనిచేస్తుంది.

సైజు విషయంలో పిసినారితనం పనికిరాదు. 20 సెంటీమీటర్ల కుండీకి బదులు అదే ఆకారంలో 30 సెంటీమీటర్లది తీసుకుంటే వెడల్పు ఒకటిన్నర రెట్లే, లోపల పట్టే మట్టి మాత్రం దాదాపు మూడున్నర రెట్లు. అంత మట్టి వేడెక్కడానికీ, ఆరిపోవడానికీ ఎక్కువ సమయం పడుతుంది. చిన్న చిన్న కుండీలు పది పెట్టి రోజుకు రెండుసార్లు నీళ్ల క్యాన్ మోయడం కన్నా పెద్దవి మూడు పెట్టుకోవడం మనిషికీ మొక్కకూ సుఖం.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా పోతుందన్న నమ్మకం మాత్రం వదులుకోవచ్చు. సన్నటి మట్టి లోంచి నీరు కింది ముతక రాళ్లలోకి సులువుగా దిగదు. మట్టి పూర్తిగా నానేదాకా ఆ హద్దు దగ్గరే ఆగుతుంది. అంటే తడి పొర వేర్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మూసుకుపోకుండా ఒక పెంకు ముక్క చాలు. తోట మట్టిని అలాగే కుండీలో నింపితే రోజూ పోసే నీళ్లకు గట్టిపడి గాలి ఆడదు. కొబ్బరి పొట్టు, బాగా చివికిన కంపోస్టు, కాస్త పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్లటి గుళికలు) లేదా ముతక ఇసుక కలిపిన మిశ్రమం కావాలి.

రోజూ నీళ్లు పోసే కుండీ నుంచి నత్రజని కూడా రోజూ కారిపోతుంది, అందువల్ల ఎరువు కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వాలి. పైన పొర ఉండి నెమ్మదిగా ఎరువు వదిలే గుళికల డబ్బా మీద ఉండే నెలల లెక్క 21 డిగ్రీల దగ్గర వేసింది. మట్టి అంతకన్నా వేడిగా ఉంటే గుళికలు త్వరగా వదిలేస్తాయి, ఐదారు నెలలు రావాల్సింది మూడు నాలుగు నెలల్లోనే అయిపోవచ్చు. సీజన్ మధ్యలో ఆకులు పాలిపోయి పూత తగ్గితే తెగులేమోనని టెన్షన్ పడేముందు గుళికలు వేసిన తేదీ చూసుకోవాలి. పెటూనియా లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాది పసుపెక్కితే అది వేరే కథ. నీళ్లలో సున్నం ఎక్కువై ఇనుము అందడం లేదన్నమాట.

ఒకే కుండీలో రెండు మూడు రకాలు కలిపి పెట్టేటప్పుడు రంగుల జోడీ కన్నా ముందు దాహం జోడీ కుదరాలి. గడ్డిగులాబి పక్కన కోలియస్ ఫొటోలో అద్భుతంగా ఉంటుంది. కోలియస్‌కు సరిపడా పోస్తే గడ్డిగులాబి కుళ్లుతుంది, గడ్డిగులాబికి సరిపడా పోస్తే కోలియస్ వాలిపోతుంది. అంజెలోనియా, పెంటాస్ కలుస్తాయి, జీనియా, బొగడబంతి కలుస్తాయి.

కొనేటప్పుడు నిండా పూలున్న మొక్క మీదికే చెయ్యి పోతుంది. చిన్న సంచిలో విరగబూసిన మొక్క అప్పటికే వేర్లు చుట్టుకుని, ఉన్న శక్తంతా పూలకు పెట్టేసి ఉంటుంది. రంగు తెలియడానికి ఒకటి రెండు పూలు, మిగతావి మొగ్గలు, పక్కకొమ్మలు ఉన్నది ఎంచుకోవడం మంచిది. వేడిలో నాటుతున్నప్పుడు ఆ ఒకటి రెండు పూలు కూడా తుంచేస్తే వేర్లు ముందు కుదురుకుంటాయి. ఈ తుంచడం చాలామందికి మనసొప్పదు.

అంతకన్నా మనసొప్పని పని ఎండలు మొదలయ్యే వేళ వస్తుంది. పాన్సీ, పెటూనియా అప్పటికి ఇంకా పూస్తూనే ఉంటాయి, కాకపోతే పువ్వు సైజు తగ్గి, కాడలు సాగి ఉంటాయి. రాత్రులు 20 డిగ్రీలు దాటడం మొదలైతే వాటికి మిగిలింది కొద్ది వారాలే. అవి పూర్తిగా వాడిపోయేదాకా ఆగితే వాటి చోట నాటే జీనియాకు, బిళ్ళగన్నేరుకు వేర్లు పోసుకునే వ్యవధి ఉండదు, లేత మొక్క నేరుగా మండే ఎండలో పడుతుంది. కుదురుకోవడానికి వాటికి మూడు నాలుగు వారాల ఓ మోస్తరు వెచ్చదనం కావాలి. ఆ వారాలు దొరకాలంటే పూస్తున్న పాన్సీని పూస్తుండగానే పీకాలి. ఆ పూలు కోసి గ్లాసు నీళ్లలో పెట్టుకుంటే ఇంకో నాలుగు రోజులు ఉంటాయి.